తొంభై దగ్గర గీత ఎందుకు వచ్చింది?

"సార్, తొంభై దగ్గర టాన్‌కు విలువే లేదంటిరి గదా. మరి ఇది ఈడ గీత గీసిందే?"

పదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న. బళ్లారి జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న తెలుగు మీడియం ఉన్నత పాఠశాల మాది. త్రికోణమితి పాఠంలో పట్టిక రాయించేటప్పుడు టాన్ 90 డిగ్రీల గడిలో "నిర్వచితం కాదు" అని రాయిస్తాం. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో మళ్లీ రాస్తారు, మార్కు పడుతుంది. ఇన్నేళ్లలో ఆ గడి గురించి మమ్మల్ని ఎవరూ నిలదీసి అడగలేదు. ఈ అమ్మాయి అడగడానికి కారణం, తను, ఇంకో ఇద్దరు పిల్లలు కలిసి రాసుకున్న ఒక చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం. అది గ్రాఫులు గీస్తుంది. టాన్ గ్రాఫు గీయమంటే వంపులు సరిగ్గానే గీసి, 90 దగ్గర తెర కింది నుంచి పై దాకా నిట్టనిలువునా ఒక గీత కూడా లాగింది.

ఆ వారంలోనే ఆ అమ్మాయి నాన్న బడికి వచ్చారు. బళ్లారిలో జీన్స్ కుట్టే యూనిట్‌లో పని ఆయనకు. "పెద్దదాని సంగతి అయిపోయింది సార్. చిన్నోడినన్నా ఇంగ్లీషు మీడియంలో వేద్దామనుకుంటాండాం. టీసీ ఇయ్యండి" అన్నారు. చిన్నోడు మా దగ్గరే ఏడో తరగతి. ఆయన భయం మాకు కొత్త కాదు. పదో తరగతి దాకా తెలుగులో లెక్కలు చదివిన పిల్ల పీయూసీ సైన్సులో చేరితే మొదటి రోజు నుంచే ఇంగ్లీషు పాఠం. మా దగ్గర మంచి మార్కులు తెచ్చుకుని వెళ్లిన పిల్లల్లో కొందరు మూడు నెలలు తిరక్కుండానే సైన్సు వదిలి ఆర్ట్స్‌కు మారారు. ఆ సంగతి దాచి ఆయనకు ధైర్యం చెప్పడం మాకు చేతకాలేదు. ఫారం ఇచ్చాం, నింపి తెమ్మన్నాం.

ఇక ఆ గీత దగ్గరికి వద్దాం.

బడిలో ఉన్నది ఒకే ఒక పాత కంప్యూటర్, పూర్వ విద్యార్థి ఒకరు ఇచ్చిపోయినది. ఇంటర్నెట్ లేదు. దాంట్లో పైథాన్ ఉంది. పైథాన్‌లో తాబేలు బొమ్మలు గీసే సదుపాయం ఒకటి ఉంటుంది. దాని మూలం 1967లో సేమూర్ పాపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం తయారుచేసిన లోగో భాష. తాబేలుకు కలం కట్టి ఉంటుంది. కలం దించి నడిస్తే గీత పడుతుంది, ఎత్తి నడిస్తే పడదు. మా పిల్లల ప్రోగ్రాం అంతా దీని మీదే నడుస్తుంది. పైథాన్ మూడో వెర్షన్ నుంచి మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలో ఉన్నా అది ఒప్పుకుంటుంది. అందుకని మా పిల్లలు "కలం_ఎత్తు", "కలం_దించు", "పాత_వై", "కొత్త_వై" అని తమ మాటల్లోనే పేర్లు పెట్టుకున్నారు. తెలుగు టైపింగ్ నేర్చుకోవడానికే రెండు రోజులు పోయింది, అది వేరే సంగతి.

జియోజీబ్రా ఉండగా ఇదంతా ఎందుకని తోటి ఉపాధ్యాయులు అడగవచ్చు. మేమూ మా ఫోన్లలో జియోజీబ్రా వాడతాం. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన ఆ ప్రోగ్రాం చాలా గొప్పది, పైసా ఖర్చు లేనిది. అయితే అది టాన్ గ్రాఫును మొదటిసారే సరిగ్గా గీసి చూపిస్తుంది. పిల్ల చూస్తుంది, సరే అంటుంది, అయిపోతుంది. ఇక్కడ తప్పు గీసింది కాబట్టి ప్రశ్న పుట్టింది.

వాళ్ల ప్రోగ్రాం చేసే పని చాలా సులువైనది. తెర మీద ఎక్స్ విలువ −10 నుంచి 10 దాకా. ఒక్కో యూనిట్‌ను 40 ముక్కలు చేస్తారు, అంటే ఒక్కో అడుగు 0.025. ప్రతి అడుగుకూ వై విలువ లెక్కకట్టి అక్కడ చుక్క పెట్టి, ముందటి చుక్కకు గీతతో కలుపుతారు. గ్రాఫు కాగితం మీద మనం పిల్లలతో చేయించేదీ ఇదే. నాలుగైదు బిందువులు గుర్తించి, స్కేలుతోనో చేత్తోనో కలపమంటాం. రేఖీయ సమీకరణాలకు, వర్గ బహుపదులకు ఈ పద్ధతి ఎక్కడా బెసకదు. అందుకే "కలపడం" అన్న పని వెనక ఒక నమ్మకం ఉందని మనకు గుర్తే ఉండదు. రెండు బిందువుల మధ్య కూడా ప్రమేయం ఉంది, అది తెగకుండా సాగుతోంది అన్న నమ్మకం అది.

మొదట తెగింది వై = 1/ఎక్స్ దగ్గర. ఎక్స్ సున్నాకు రాగానే ప్రోగ్రాం ఆగిపోయింది. సున్నాతో భాగించడం కుదరదని ఎర్ర అక్షరాల్లో చెప్పింది. తెర మీద ఎడమ సగం మాత్రమే మిగిలింది. పిల్లల్లో ఒకడు ఉపాయం వేశాడు: అడుగులన్నీ సగం అడుగు పక్కకు జరిపితే సున్నా మీద కాలే పడదు గదా! నిజమే, పడలేదు. ఇప్పుడు సున్నాకు ఇటు −0.0125, అటు 0.0125. ఒకచోట వై విలువ −80, ఇంకోచోట 80. తాబేలు చెప్పినట్టే రెంటినీ కలిపింది. తెర మధ్యలో నిలువు గీత.

టాన్ సంగతి ఇంకాస్త తమాషా. పైథాన్‌ను నేరుగా టాన్ 90 ఎంత అని అడిగితే అది తప్పయిందని చెప్పదు, జవాబిస్తుంది. 17 అంకెల సంఖ్య, 163 కోట్ల కోట్లకు పైన్నే. "ఇదిగో సార్, ఉంది విలువ" అన్నాడు ఇంకో పిల్లవాడు. ఎందుకొచ్చిందో విడమరచడానికి ఒక పీరియడ్ పట్టింది. కంప్యూటర్ కోణాన్ని రేడియన్లలోకి మార్చుకుంటుంది. దానికి పై కావాలి. పై దశాంశాలకు అంతు లేదు, యంత్రం మాత్రం కొన్ని అంకెల దగ్గర తెంపుకోక తప్పదు. కాబట్టి దాని మనసులో ఉన్నది 90కి వెంట్రుకవాసి తక్కువైన కోణం. ఆ కోణానికి టాన్ ఉంది, అది మహా పెద్దది. మనం అడిగినదానికి కాదు, దాని పక్కదానికి జవాబిచ్చింది. కాలిక్యులేటర్ చెప్పింది కాబట్టి సరైందే అనే పిల్లలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

మరి గీతను తీసేయడం ఎలా? పిల్లల మొదటి ఆలోచన సూటిగా ఉంది. పాత వైకీ కొత్త వైకీ తేడా 50 దాటితే కలం ఎత్తాలి. 1/ఎక్స్ దగ్గర తేడా 160 కాబట్టి గీత పోయింది. చప్పట్లు కొట్టుకున్నారు.

ఆ సంబరం ఆ పూటే. పోస్టాఫీసులో పార్సెల్ బరువును బట్టి రుసుము ఎలా పెరుగుతుందో, బస్సులో స్టేజీలను బట్టి టికెట్ ఎలా పెరుగుతుందో చెప్పి, సోపాన ప్రమేయం గీయమన్నాం. ఎక్స్‌లోని పూర్ణాంక భాగం మాత్రమే ఇచ్చే ప్రమేయం అది. మెట్లు మెట్లుగా ఉండాలి, మెట్టుకూ మెట్టుకూ మధ్య నిలువు గీత ఉండకూడదు. కానీ అక్కడ తేడా ఒకటే. 50 దాటదు, కలం లేవదు, గీత పడింది. సరే, 50 తీసేసి అర పెట్టారు. మెట్లు బాగా వచ్చాయి. ఆ వెంటనే ఎక్స్ ఘాతం 5 గ్రాఫు పాడైంది. ఎక్స్ 1.4 దాటగానే ఆ వంపు ఎంత నిటారుగా లేస్తుందంటే, ఒక్క అడుగులోనే వై అరకు మించి పెరుగుతుంది. ఎక్కడా తెగని ప్రమేయం అది, ప్రోగ్రాం మాత్రం తెగిందనుకుని కలం ఎత్తేసింది. గీత మాయం. హద్దు పెద్దది చేస్తే నిజమైన తెగుళ్లు దొరకవు, చిన్నది చేస్తే మంచి గీత ముక్కలవుతుంది. నాలుగు రోజులు అంకెలు మార్చి మార్చి చూశారు. ఏ అంకె పెట్టినా ఏదో ఒకటి చెడుతుంది.

ఇక్కడ మేము కాస్త సాయం చేశాం. సాయం చేసింది తుంగభద్ర అని చెప్పాలేమో.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయిన సంగతి ఈ ప్రాంతంలో తెలియని పిల్ల లేదు. 33 గేట్లు, 105 టీఎంసీల పైచిలుకు నీళ్లు, ఆ కాలువల కిందే మా పిల్లల ఇళ్ల భూములు. ఆ ఒక్క ద్వారం నుంచే సుమారు 35 వేల క్యూసెక్కులు పోతున్నాయని అప్పుడు వార్తలు వచ్చాయి. బోర్డు మీద రెండు గ్రాఫులు గీశాం. ఒకటి, ఆ ద్వారం నుంచి బయటికి పోయే ప్రవాహం. రెండోది, డ్యాంలో మిగిలిన నీరు. లెక్క సులువుగా ఉండాలని గేటు పోకముందు ఆ ద్వారం నుంచి ఏమీ పోవడం లేదనుకున్నాం. ఏది తెగింది, ఏది తెగలేదు అని అడిగాం.

లెక్క వాళ్లే చేశారు. 35 వేల క్యూసెక్కులు ఒక రోజంతా పోతే 302 కోట్ల ఘనపుటడుగులు, అంటే 3 టీఎంసీలు. ఒక నిమిషంలో అయితే 21 లక్షల ఘనపుటడుగులు. ఒక సెకనులో 35 వేలు. అర సెకనులో అందులో సగం. గేటు పోయిన క్షణాన్ని మధ్యలో పెట్టుకుని కాలాన్ని ఎంత కుదిస్తే, డ్యాంలో తగ్గిన నీరు అంత చిన్నదవుతుంది. చివరికి లెక్కలోకే రానంత. ప్రవాహం అలా కాదు. రోజు తీసుకున్నా, నిమిషం తీసుకున్నా, అర సెకను తీసుకున్నా ముందు సున్నా, తర్వాత 35 వేలు. ఆ తేడా చిక్కదు.

"గేటు కొట్టుకపోయేదానికీ కొంచెం సేపు పట్టింటాది గదా సార్" అన్నాడు వెనక బెంచీ పిల్లవాడు. వాడన్నది నిజం. ప్రకృతిలో అసలైన తెగుడు ఉందా లేదా అన్న చర్చ మా శక్తికి మించినది. గేటు ఒక క్షణంలో మాయమైందని మనం అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది అని చెప్పి ఊరుకున్నాం.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం మారింది. రెండు చుక్కల మధ్య తేడా పెద్దదిగా కనిపిస్తే ప్రోగ్రాం వెంటనే కలం ఎత్తదు. మధ్య బిందువు తీసుకుంటుంది. రెండు సగాల్లో ఎందులో వై తేడా ఎక్కువో ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తుంది. ఇలా 20 సార్లు. 20 సార్లు సగం చేస్తే మొదటి అడుగు పది లక్షల వంతుకన్నా చిన్నదవుతుంది. ఎక్స్ ఘాతం 5 లాంటి వంపులో వై తేడా కూడా అదే లెక్కన కరిగిపోతుంది, కలం కిందే ఉంటుంది. సోపాన ప్రమేయంలో ఒకటి ఒకటిగానే ఉండిపోతుంది, కలం లేస్తుంది. 1/ఎక్స్‌లో మళ్లీ చిక్కు వచ్చింది. −0.0125కీ 0.0125కీ మధ్య బిందువు సరిగ్గా సున్నా! ప్రోగ్రాం మళ్లీ ఎర్ర అక్షరాలు రాసి ఆగిపోయింది. లెక్క కుదరని చోటు తగిలితే అది కూడా తెగినట్టే అని ఇంకో నాలుగు వరుసలు చేర్చారు. టాన్‌లో అయితే సగం చేసేకొద్దీ తేడా తగ్గకపోగా పెరుగుతూ పోతుంది. 90 దగ్గర గీత పోయింది. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు పిల్లే చెప్పుకుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ సగం చేసే పనిలో ఉన్నదే అవిచ్ఛిన్నత. యూరప్‌లో బోల్జానో 1817లో, కోషీ 1821లో దీన్ని మాటల్లో పెట్టారు. మెట్ల ప్రమేయం, 1/ఎక్స్, మాపక ప్రమేయం పీయూసీ మొదటి ఏడాది లెక్కల పుస్తకంలో ఉన్నాయి. అవిచ్ఛిన్నత రెండో ఏడాది పుస్తకంలో ఐదో అధ్యాయం. మా పిల్లలు ఇది పదో తరగతిలో, తెలుగులో, ఒక పాత కంప్యూటర్‌తో కొట్లాడుతూ తెలుసుకున్నారు.

ఈ పద్ధతికి దొరకని తెగుడూ ఉంది. ఎక్స్ వర్గం మైనస్ 1ని ఎక్స్ మైనస్ 1తో భాగిస్తే వచ్చేది ఎక్స్ ప్లస్ 1 అని ఎనిమిదో తరగతి పిల్లలకైనా తెలుసు. గ్రాఫు సరళరేఖ. కానీ ఎక్స్ 1 అయినప్పుడు సున్నా కింద సున్నా. ఆ ఒక్క బిందువు లేదు, గీతలో సూదిమొనంత రంధ్రం. ప్రోగ్రాం దాన్ని దాటుకుని పోయింది, ఎన్ని సార్లు సగం చేసినా తెలియలేదు. తెలిసినా తెర మీద కనిపించేంత వెడల్పు దానికి లేదు. పుస్తకంలో ఆ చోట చిన్న సున్నా చుట్టి చూపిస్తారు. అది కంప్యూటర్ కనిపెట్టి గీసేది కాదు, హారాన్ని చూసి మనిషి చెప్పాల్సింది. కెనడాలో జెఫ్ టప్పర్ అనే ఆయన 2001లో ఇంకో దారి చూపాడు. ఒక్కో చుక్క దగ్గర విలువ కట్టడానికి బదులు, తెర మీది ఒక్కో గడి మొత్తానికీ విలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండగలదో లెక్కకట్టే పద్ధతి. అది మా పిల్లలకు ఇప్పుడే అందేది కాదు.

సున్నాతో భాగించే సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక ముచ్చట. తొమ్మిదో శతాబ్దంలో మన ఈ కన్నడ దేశంలోనే, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారదని మహావీరుడు అన్నాడు. అంటే 1ని సున్నాతో భాగిస్తే 1. పిల్లలు ఆ బిందువును గ్రాఫులో పెట్టి చూశారు. 0.1 దగ్గర 10, 0.01 దగ్గర 100 అని ఆకాశానికి పోతున్న వంపు పక్కన, సున్నా దగ్గర ఒకటి ఎత్తులో ఒంటరి చుక్క. "ఇది ఎవరికీ అతకలేదే" అని నవ్వారు. బొమ్మ గీసి చూసే వీలు ఆయనకు లేదని చెప్పాం. భాస్కరాచార్యుడు తర్వాత దాన్ని ఖహరమని, అంతులేనిదని అన్నాడు.

శనివారం ఆ అమ్మాయి నాన్న ఫారం తీసుకుని మళ్లీ వచ్చారు. బోర్డు మీద డ్యాం గ్రాఫు ఇంకా చెరపలేదు. ఇదేమిటని అడిగితే కూతురే చెప్పింది. ఆయన కాసేపు చూసి, "గేటు పోయింది ఒక్క దెబ్బకే. నీళ్లు మాత్రం ఒక్క దెబ్బకు పోలేదు. అందుకే వారంలో అడ్డం వేసి చానా మటుకు ఆపుకున్నారు" అన్నారు. ఆయన తండ్రికి కాలువ కింద రెండెకరాలు ఉంది. మేము బోర్డు మీద అరగంట చెప్పింది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశారు. ఆ తర్వాత అడిగింది మాత్రం పాత ప్రశ్నే. "ఇదంతా రేపు పీయూసీలో ఇంగ్లీషులో చెప్తే దీనికి తెలుస్తుందా సార్?"

అమ్మాయి తన నోటుబుక్కు తెచ్చి చూపించింది. వెనక పేజీల్లో మూడు నిలువు గళ్లు. తెలుగులో ప్రమేయం, పక్కన ఫంక్షన్. అవిచ్ఛిన్నం, పక్కన కంటిన్యువస్. అవధి, లిమిట్. కన్నడ గడిలో గ్రాఫుకు నక్షె, బహుపదికి బహుపదోక్తి. మనకు నక్షా అంటే మ్యాపు, వాళ్లకు గ్రాఫు. ఇది తెలియక కన్నడ మీడియం ప్రశ్నపత్రం చూసి మా పిల్లలు తికమకపడిన రోజులున్నాయి. ఈ గళ్లు మేము రాయించినవి కావు. ప్రోగ్రాంలో తప్పు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ ఇంగ్లీషులో తిట్టేది, దాని అర్థం కోసం మొదలైన పట్టిక అది. ఈ సంవత్సరం నుంచి ఎనిమిదో తరగతిలోనే ప్రతి పిల్లచేతా ఇది రాయిస్తున్నాం. ఆలస్యంగా తెలివి వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాం.

ఆయన ఫారం మా బల్ల మీద పెట్టారు. సంతకం చేయలేదు. "అర్ధ వార్షిక పరీక్షలు కానీయండి, చూద్దాం" అన్నారు. ఫారం ఇప్పుడు సొరుగులో ఉంది.

ప్రయత్నించాలనుకునే ఉపాధ్యాయులకు: ఇంటర్నెట్ అక్కర్లేదు, కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. ప్రోగ్రాం మొత్తం అరవై వరుసలు మించదు. ముందే సరిచేసి ఇవ్వకండి, నిలువు గీత పడనివ్వండి.

పిల్లలు ఇప్పుడు కొత్త చిక్కులో పడ్డారు. 1/ఎక్స్ విలువలోని పూర్ణాంక భాగం మాత్రమే గీయాలని వాళ్లకు వాళ్లే అనుకున్నారు. సున్నాకు దూరంగా మెట్లు చక్కగా వస్తాయి. దగ్గరికి వచ్చేకొద్దీ మెట్లు ఇరుకై, ఆరో వంతు దాటి లోపలికి పోగానే ఒక్కో మెట్టు వాళ్ల అడుగుకన్నా చిన్నదైపోతుంది. ప్రతి అడుగులోనూ తెగుడే. కలం పైకి లేచి మళ్లీ దిగదు. సున్నాకు అటూ ఇటూ ఆరేడు చుక్కల మేర తెర ఖాళీ. అడుగు ఇంకా చిన్నది చేస్తే ఖాళీ తగ్గుతుందే కానీ పోదు. అక్కడ ఏం గీయాలో ఇంకా తేలలేదు.